ఖాసీం సాయిబు కోడి, మా నాన్న చావు

మా నాన్న రెండుసార్లు పోయారు. రెండోసారి పోయినప్పుడు ఆయనది నిండు వయసు, అందరం చుట్టూ ఉన్నాం, అందులో నవ్వుకోవడానికేమీ లేదు. మొదటిసారి మాత్రం నంద్యాలలో ఒక కోడి వేపుడు వల్ల పోయారు. ఆ కోడిని తిన్నది ఆయన కూడా కాదు, నేను. ఆ సమయానికి ఆయన గోదావరి ఒడ్డున మా ఊళ్లో, తన చావు సంగతి బొత్తిగా తెలియక, అరటితోటలో గెల ఎవరో కొట్టుకుపోయారని వీధివీధంతా ఏకం చేసి తగాదా పడుతున్నారు.

కంగారుపడకండి. ఈ ఘోరం ఎలా జరిగిందో మొదటినుంచీ చెబుతాను.

అవి యుద్ధం రోజులు. బియ్యం దొరకడం కష్టం, కిరసనాయిలు దొరకడం కష్టం, ఉద్యోగం దొరకడం మరీ కష్టం. అలాంటి రోజుల్లో నాకు ఆళ్లగడ్డ బడిలో లెక్కల పంతులు పని దొరికింది. ఆళ్లగడ్డ ఎక్కడుందో నలుగురిని అడిగి తెలుసుకుని, ట్రంకుపెట్టె, ఆవకాయ జాడీ పట్టుకుని రైలెక్కాను. జాడీ గుంటూరు దాటకముందే పగిలింది. అపశకునమని అప్పుడే దిగిపోవలసింది. దిగలేదు.

ఆళ్లగడ్డలో నాకు లోటేమీ లేదు, మనుషులు తప్ప. ఊరినిండా మనుషులే, కాదనను. కానీ వాళ్ల మాట నాకు అందదు, నా మాట వాళ్లకు ఆనదు. ఇద్దరిదీ తెలుగే, అదీ తమాషా. నేను "ఎక్కడికండీ వెళ్తున్నారు?" అంటే "యాడికి లేదప్పా, ఈడికే" అని నవ్వు ఆపుకుంటూ తప్పుకునేవారు. మాటకొక అండీ తగిలించే మగవాణ్ణి వాళ్లు అంతకుముందు చూసినట్టు లేదు. అక్కడ పంతుల్ని అయ్యవారు అంటారు. పిల్లలు నాకు 'అండీ అయ్యవారు' అని పేరు పెట్టేశారు. హెడ్మాస్టరుగారు నాతో రోజుకు రెండే మాటలు మాట్లాడేవారు: పొద్దున "వచ్చినావా", సాయంత్రం "పోతాండావా".

మిగతా వేళల్లో నాకు తోడు నా గది. నాలుగు మట్టిగోడలు, కింద బేతంచెర్ల బండలు, మూల ఒక నీళ్లకుండ. ఆదివారాలు మరీ దారుణం. శనివారం బడి విడిచిపెడితే మళ్లీ సోమవారం "వచ్చినావా" అనిపించుకునేదాకా నా గొంతు నేనే వినేవాణ్ణి కాదు. అసలు గొంతుందో పోయిందో చూసుకోవడానికి పదహారో ఎక్కం పైకి అప్పజెప్పుకునేవాణ్ణి. ఒకనాడు కుండ దగ్గరికి వెళ్లి "దాహంగా ఉందండీ" అన్నాను. కుండకు కూడా అండీ తగిలించినందుకు నాకే సిగ్గేసింది. తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.

నా వాలకం చూసి బడిలో తెలుగు చెప్పే మేస్టారు ఒక సలహా పారేశాడు.

"ఆదివారం నంద్యాలకు పో అయ్యవారూ. స్టేషన్ కాడ ఖాసీం సాయిబు మిలిటరీ హోటలుండాది. కోడి వేపుడు తిన్యావంటే ఇంటిని మర్సిపోతావ్."

మాంసం వండే హోటళ్లను అప్పట్లో మిలిటరీ హోటళ్లనేవారు. నేను కోడి సంగతి అడగలేదు. "జనం ఉంటారాండీ?" అని అడిగాను.

"జనమా? ఆడ ఒక్కడే కూకొని తినేదానికి కుదరదప్పా. బెంచీలు పొట్టివి, మనుషులు లావు. పక్కోని మోసేయి నీ డొక్కలో ఉంటాది."

నా కళ్లముందు స్వర్గం కనిపించింది. ఒక మనిషి మోచెయ్యి నా డొక్కలో దిగి ఎన్నాళ్లయిందో! ఆదివారం పొద్దున్నే ఉన్నవాటిలో మంచి చొక్కా తొడుక్కుని, పెళ్లిచూపులకు పోతున్నవాడిలా నంద్యాల బస్సెక్కాను.

హోటలంటే మేడ అనుకునేరు. రేకుల కప్పు, పొగబారిన గోడలు, నాలుగు బెంచీలు. కానీ ఇంకా వీధిలో ఉండగానే ఆ ఘాటు ఎదురొచ్చి ముక్కు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. ఇనప బాణలిలో నూనె సలసలా మరుగుతోంది. దంచిన ఎండుమిరపకారంలో పొర్లించిన కోడిముక్కలు అందులో పడి, బుసబుసలాడి, ఎర్రగా తేలుతున్నాయి. బాణలి ముందు తెల్లగడ్డం ఖాసీం సాయిబు, చేతిలో చిల్లుల గరిటె.

"ఎవురప్పా, కొత్తగా ఉండావే? యా ఊరు?"

"గోదావరి జిల్లా అండీ."

"ఓ, సర్కారు జిల్లాలోనివా! అయితే కారం తగ్గించి ఏస్తాలే."

చూశారా, ఎంత మంచి మనిషో. కోడిని అడిగి కారం నూరుతారా అని సామెత. కోడిని అడక్కపోయినా, తినేవాణ్ణి అడిగి మరీ వేస్తానన్నాడు. "అలాగేనండీ" అని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ మాటకు బెంచీలమీద వాళ్లంతా నావైపు తిరిగారు. అన్ని కళ్లు ఒక్కసారి నన్ను చూడటం! ఆ మత్తు తలకెక్కింది.

"తగ్గించడమేమిటండీ! మాది ఆవకాయ పుట్టిన దేశం. మా ఊళ్లో చంటిపిల్లలకు ఉగ్గులో ఆవకాయ ఊట కలిపి పోస్తారు. మీకు చేతనైనంత వెయ్యండి!"

"శబాష్! అట్లుండాల మొగోడంటే!" అని ఎవరో అన్నారు.

కొంచెం జరిగి నాకు చోటిచ్చిన పెద్దాయన పేరు ఓబులేసు. ఆళ్లగడ్డ రైతే, వడ్లు మిల్లుకు తోలించి వెనక బస్సులో వచ్చాడట. మా బడి వెనక వీధిలోనే ఇల్లు. ఇన్నాళ్లూ ఒకరికొకరం తెలియదు. ఎర్ర కండువా ఒళ్లో వేసుకుని, ఆ కోడిముక్కల్ని బొరుగులు నమిలినంత తాపీగా నములుతున్నాడు. మిగతావాళ్లూ అంతే. ఒక్కడి నుదుట చెమట చుక్క లేదు. అది చూసి ధైర్యం తెచ్చుకుని పెద్దముక్కే నోట్లో పెట్టుకున్నాను.

మొదట ఏమీ తెలియలేదు. వెల్లుల్లి, కరివేపాకు, కరకరలాడే పైపొర, రుచి అద్భుతం. "బాగుందండీ" అనబోయాను. 'బా' దగ్గరే ఆగిపోయింది. నాలుకమీద ఎవరో కొరివి పెట్టారు. అది గొంతులోకి పాకింది, అక్కణ్ణుంచి చెవుల్లోకి, మాడులోకి. కళ్లలోంచి, ముక్కులోంచి మా గోదావరి వరదలా పొంగింది. నోరు తెరుచుకుని మూసుకోవడం మరిచిపోయింది.

ఓబులేసు నావైపు చూసి నమలడం ఆపాడు. "ఏందప్పా? ఏడుస్తాండావే?"

మీకు వెంటనే తెలిసిపోయింది, కారమని. ఆ హోటల్లో ఒక్కరికీ తోచలేదు. వాళ్ల లెక్కలో అది కారమే కాదు. పెరుగన్నం తిని మనిషి ఏడిస్తే మీరు పెరుగును అనుమానిస్తారా?

"నాలుక పోయిందండీ" అని చెప్పబోయాను. నాలుక బయటికి వేలాడుతుండగా 'ల' పలకడం ఎంత కష్టమో, కావలిస్తే ఎవరూ చూడకుండా మీరోసారి ప్రయత్నించండి.

"నాయ్... య... పోయి..."

ఓబులేసు చేతిలో ముక్క విస్తట్లో పడింది. "నాయనా? నాయన పోయినాడా?"

అక్కడ తండ్రిని నాయన అంటారు. మాకేమో నాన్న. ఆ క్షణంలో ఆ తేడా ఎవడికి తట్టింది? నా నాలుకనే పరామర్శిస్తున్నాడనుకుని తల గట్టిగా ఊపాను.

"అయ్యో దేవుడా! ఈయప్ప నాయన పోయినాడంటప్పా!"

"ఎప్పుడంట?"

నేను విస్తట్లో ముక్కను చూపించాను, ఇప్పుడే, దీంతోనే అని.

"ఇప్పుడే, తింటాంటేనే తెలిసినాదంట!"

"తింటాంటే ఎట్ల తెలుస్తాది?"

"కన్నకొడుకు మనసుకు తెల్దా? నోర్మూసుకో!"

ఇక లాభం లేదని బొటనవేలు నోటివైపు వంచి, నీళ్లు, నీళ్లు అని సైగ చేశాను. బెంచీ చివరనున్న ముసలాయన ఘొల్లుమన్నాడు. "గొంతులో ఆఖరి నీళ్లు పొయ్యలేకపోతినే అంటాండాడప్పా! కొడుకంటే ఇట్లుండాల!"

అందరూ కళ్లొత్తుకున్నారు. ఒక్కడూ నీళ్లివ్వలేదు. మూల నీళ్లకడవ కనిపించి దానిమీదికి దూకబోయాను. "పట్టుకోండి, గోడకు తల బాదుకుంటాడేమో!" అని ఇద్దరు వస్తాదులు నా రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఖాసీం సాయిబు బాణలి దించేసి వచ్చి, నా తల తన గుండెకు అదుముకున్నాడు. ఆ చొక్కాకీ కారమే.

ఇంత జరుగుతుంటే నా మనసు ఏమంటోందో చెబితే నమ్మరు. నాలుక మండిపోతోంది, నిజమే. కానీ ఆ తెల్లగడ్డం నా నెత్తికి తగులుతోంటే, ఎవరిదో అరచెయ్యి వీపు నిమురుతోంటే, ఇంకాస్తసేపు ఇలాగే ఉంటే బాగుండుననిపించింది. ఇల్లు విడిచాక నన్ను ఒక మనిషి ముట్టుకోవడం అదే మొదలు.

ఓబులేసే నన్ను సాయంత్రం బస్సెక్కించాడు. యుద్ధకాలం కాబట్టి పెట్రోలు లేక ఆ బస్సు బొగ్గుమీద నడిచేది. నడిచేది అనడం మర్యాద. ఎత్తు వచ్చినచోటల్లా ఆగిపోతే జనం దిగి తోసేవారు. నేనూ దిగబోయాను.

"నువ్వు దిగొద్దప్పా, దుఃఖంలో ఉండావు" అని అందరూ ఒక్కసారే అరిచారు.

అలా బస్సంతా ఖాళీ అయింది. నడిమధ్య సీట్లో నేనొక్కణ్ణే, ఊరేగింపు విగ్రహంలా. వెనక ముప్పైమంది "ఐసా!" అని తోస్తున్నారు. అప్పటికి నాలుక కొంచెం తిరిగింది. ఓబులేసు చెమట తుడుచుకుంటూ ఎక్కగానే చెప్పేశాను.

"చూడండీ, మా నాన్నగారు బాగానే ఉన్నారండీ."

"ఔనప్పా, బాగానే ఉంటాడు. పుణ్యాత్ముడు. యాడికి పోయినా బాగానే ఉంటాడు."

"అది కాదండీ, బతికే ఉన్నారు!"

ఆయన నా భుజంమీద చెయ్యి వేశాడు. "మొదట్లో అట్లే అనిపిస్తాది. మా యమ్మ పోయినప్పుడు నేనూ నమ్మల్యా."

ఆళ్లగడ్డలో ఆయన నన్ను నా గదికి పోనివ్వలేదు. "ఒక్కడే ఆ గదిలో ఎట్లుంటావ్?" అని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరైనా అడుగుతారేమోనని ఎన్ని సాయంత్రాలు ఎదురుచూశానో. ఇంట్లో ఆయన భార్య రామక్క, ఆయన, అంతే. ఒక్కగానొక్క కొడుకు పట్టాళంలో చేరి సముద్రాలు దాటిపోయాడు, జాడ తెలియడం లేదు. (తర్వాత క్షేమంగా వచ్చాడు లెండి, మీరు దిగులు పెట్టుకోకండి.) వాకిట్లో ఆ కొడుకు మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. రామక్క దాన్ని వాల్చి, దుమ్ము దులిపి, దుప్పటి పరిచింది.

"పండుకో నాయనా. మేం ల్యామా?" అంది.

ఆ నాలుగు మాటలకు నేను నిజంగా ఏడ్చాను. వాళ్లు మా నాన్నకోసం అనుకున్నారు.

రైలెక్కించి ఊరికి పంపేద్దామని ఓబులేసు మర్నాడు స్టేషనుకు కబురు పెట్టి కనుక్కున్నాడు. నా ఖర్మ, కృష్ణవైపు వానలకు రైలుకట్ట తెగిందట. "పోయేదానికి లేదు. ఈడనే చేస్తాం దినాలు. నాకు కొడుకైతే ఒకటి, నువ్వైతే ఒకటా?" అన్నాడు.

అన్నాక ఊరంతా వచ్చింది. నన్ను చూసి తప్పుకునేవాళ్లంతా వచ్చి వరసగా అరుగుమీద కూర్చున్నారు. పిల్లలు 'అండీ' అనడం మానేశారు. హెడ్మాస్టరుగారు వచ్చి నా పక్కన కూర్చుని రెండు మాటలు దాటి ఏకంగా తన చిన్నతనమంతా చెప్పారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా విషయంలో నోరు మండితే ఊరు మంచిదైంది.

చెప్పలేదా అంటే, చెప్పాను. హెడ్మాస్టరుగారితో "మా నాన్న పోలేదండీ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నిజమే, మన తండ్రులు యాడికీ పోరు, మనలోనే ఉంటారు" అన్నారు. రామక్కతో చెప్పాను. ఆమె దిష్టి తీసింది. ఆ తర్వాత నా ప్రయత్నం కొంచెం కొంచెం నీరసించింది. పొద్దున్నే ఎవరో పేరు పెట్టి పిలిచి లేపుతున్నారు, పళ్లెం ముందు కూర్చుంటే ఇంకాస్త తినమంటున్నారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేశాను.

రామక్క వంటలో కోడి, వేటమాంసం అన్నీ బంద్. మైల కదా. కోడికూర లేకపోతే ముద్ద దిగని ఓబులేసు, నాకోసం సంగటి, పప్పు, ఎర్రకారం తిని లేచేవాడు. ఆ ఎర్రకారం నాకూ వేసేవారు. మొదటిపూట చెవులు దిబ్బడవేశాయి. తర్వాత తర్వాత, తినగా తినగా, అలవాటైపోయింది. ఈ అలవాటే నన్ను ముంచుతుందని అప్పుడు తెలియదు.

దినం నాడు నన్ను ఊరిపక్క వక్కిలేరు గట్టుకు తీసుకుపోయారు. పురోహితుడు దర్భలు పరుచుకుని కూర్చున్నాడు. మంగలి మద్దిలేటి నా తల తడిపి కత్తి అందుకున్నాడు. వెంట్రుకలు ఒళ్లో పడసాగాయి. కుడివైపు పూర్తయింది. ఎడమవైపుకు తిరిగాడో లేదో, పురోహితుడు పిండం చేతిలోకి తీసుకుని అడిగాడు.

"మీ నాయన పేరు చెప్పు నాయనా."

నా నోటితో, పిండంమీద, మా నాన్న పేరు! ఆయన అక్కడ మా తోటలో అరటిచెట్లకు బోదెలు తవ్వుకుంటూ ఉంటారు. దిగ్గున లేచి నిలబడ్డాను.

"మా నాన్న బతికే ఉన్నారండీ! బాబోయ్, ఆయన చావలేదండీ! ఆ రోజు నేను ఏడ్చింది ఖాసీం సాయిబు కోడి కారానికి!"

సగం గుండుతో గంతులేస్తున్న నన్ను గట్టుమీద అందరూ చూశారు.

"తలకెక్కింది పాపం" అన్నాడు మద్దిలేటి, కత్తి వెనక దాచుకుంటూ.

"లేదండీ! కారం! నాలుక పోయిందంటే మీరు నాయన అనుకున్నారు!"

ఓబులేసు మెల్లగా అడిగాడు. "కారమా? ఖాసీం కోడి కారమా? మా తమ్ముని మనవరాలు తింటాది గదప్పా, ఇంగా పండ్లు గూడా రాల్యా దానికి!"

అందరూ నవ్వారు, ఆయన తప్ప. నా ముఖంలోకి చూసి, తన ఎర్ర కండువా తీసి నా తలకు చుట్టాడు. "పా నంద్యాలకు. తిని సూపీ."

మధ్యాహ్నానికి నంద్యాలలో దిగాం. వెంట పదిమంది సాక్షులు. ఖాసీం సాయిబుకు సంగతి చెబితే నమ్మలేదు, పైగా నొచ్చుకున్నాడు. "నా కోడి తిని మొగోడు ఏడ్సినాడంటే నా పేరేం గావాల?" అని గొణుక్కుంటూనే వేయించి విస్తట్లో పెట్టాడు. హోటలు హోటలంతా నా చుట్టూ నిలబడింది.

ముక్క నోట్లో పెట్టుకున్నాను. కళ్లు బాగా తెరిచాను. నమిలాను. రుచి అద్భుతం. వెల్లుల్లి, కరివేపాకు...

అంతే. ఇంకేమీ లేదు.

కంగారుగా రెండోది పెట్టుకున్నాను. మిరపగింజలు అంటిన ముక్క ఏరి మరీ మూడోది నమిలాను. రెప్ప వేయకుండా చూశాను. ముక్కు ఎగబీల్చాను. రామక్క ఎర్రకారం నా నాలుకను కొలిమిలో ఇనుములా కాల్చి సాగదీసి పెట్టింది. నుదుట చెమట చుక్కయినా పుట్టలేదు. కమ్మటి కోడి కడుపులోకి చల్లగా దిగిపోయింది.

"ఏదప్పా ఏడుపు?" అన్నారెవరో.

"వస్తుందండీ, ఒక్క నిమిషం..."

"మమ్మల్నందర్నీ బాగా ఎర్రోళ్లను జేసినావులే."

ఒకరొకరే తప్పుకున్నారు. ఓబులేసు లేచాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నీ నాయన ఉండాడంటే నాకు సంతోషమేప్పా. గానీ ఒక మాట. మీ ఇంట్లో నాలుగుదినాలు ఉంటానని నోరిడిసి అడిగింటే వద్దంటామా? ముసిలోల్లం ఇద్దరమే గదా ఉండేది. దానికోసరం కన్నతండ్రిని సంపాల్నా?"

అని, చెప్పులు వేసుకుని గుమ్మంవైపు నడిచాడు.

బెంచీమీద నేనొక్కణ్ణే మిగిలాను. తినేవాళ్లు కూడా అవతలి బెంచీకి సర్దుకున్నారు. సాయంత్రం ఆళ్లగడ్డ చేరి గది తాళం తీయాలి. కుండలో నీళ్లు ఎన్నాళ్లవో. రేపు పొద్దున "వచ్చినావా" కూడా అనరేమో. వాకిట్లో ఆ మంచం మళ్లీ గోడకు ఎత్తి పెట్టేస్తుంది రామక్క. ఇదంతా తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకున్నాను. విస్తరి మసకబారింది. ముక్కమీద టప్పున ఒక బొట్టు పడింది. తర్వాత ఇంకొకటి.

ఖాసీం సాయిబు గరిటె గాల్లోకి ఎత్తాడు.

"వచ్చినాయి! ఓబులన్నా, వచ్చినాయి! సూడు, కండ్లల్లో ఎట్ల కారుతాండాయో! నా కారం నిదానంగా ఎక్కుతాదప్పా, ఎక్కితే దిగదు!"

జనం మళ్లీ మూగారు. "ఔనప్పా, నిజమే! ఈయప్ప నాయన బతికే ఉండాడు!" అని ఒకడు ఈల వేశాడు. ముక్కూ ముఖమూ తెలియని మా నాన్న బతికినందుకు నంద్యాలలో అంత సంబరం చేసుకుంటారని ఎవరనుకుంటారు?

ఓబులేసు వెనక్కి వచ్చాడు. వంగి నా కళ్లలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఉత్తదో ఆకాశం చూసి చెప్పగల రైతు. ఆ నీళ్లు ఏ నీళ్లో ఆయనకు తెలియలేదని నేననుకోను.

"కారమే" అన్నాడు చివరికి. "కారమేలేప్పా. జరుగు."

జరిగాను. పక్కన కూర్చున్నాడు. కూర్చుని బల్ల గుద్దాడు.

"ఖాసీం! నాకు రెండు విస్తర్ల కోడి పెట్టు! బతికుండే మనిషికి మైల పట్టి ఇన్నిదినాలు నోరు కట్టుకుంటి గదప్పా! ఆ గోదావరాయన ఈడికొస్తే నా కోళ్లన్నీ ఆయప్పే కట్టియ్యాల!"

అయితే చిక్కంతా తీరలేదు. తలలో కుడివైపు గుండు, ఎడమవైపు జుట్టు. మిగతాది గొరిగించుకుంటే తండ్రి బతికుండగా అశుభం. ఉంచుకుంటే బడిలో పాఠం సాగదు. ఉపాయం రామక్కే చెప్పింది. ముందు నన్ను చెడామడా తిట్టింది, తిడుతూనే అన్నం పెట్టింది, పెడుతూనే చెప్పింది: "అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్యావనుకో. మీ నాయన ఆయుస్సుకు. దేవునికిస్తే దోసం ల్యా."

బండి కట్టుకుని ముగ్గురం అహోబిలం పోయాం. అక్కడి మంగలి నా కండువా విప్పి, ఆ సగం తలను చూసి, కాసేపు కత్తి నూరడం కూడా మరిచిపోయాడు.

"ఇదేం మొక్కప్పా? సగం ముందే ఇచ్చేసినారే?"

"ఈయప్ప నాయన చావు తప్పించుకున్యాడు" అన్నాడు ఓబులేసు గంభీరంగా.

"అయ్యో! ఏం రోగం?"

"కోడి వేపుడు."

అలాంటివాళ్లతో తొందరగా పని ముగించుకోవడం మంచిదనుకున్నాడేమో, మంగలి చకచకా గొరిగేశాడు.

నున్నటి గుండుతో స్వామి ఎదుట నిలబడి, చేతులు జోడించి, ఓబులేసూ రామక్కా సాక్షులుగా ప్రమాణం చేశాను. "స్వామీ, ఇకమీదట నోట్లో ముద్ద ఉండగా ఎవరేమడిగినా తల ఊపను. నిలువుగా ఊపను, అడ్డంగా ఊపను."

ఇన్నేళ్లుగా ఆ మాట తప్పలేదు. అందువల్ల ఏ పెళ్లిభోజనంలోనూ నాకు రెండోసారి పెరుగు పడలేదు. "కావాలాండీ?" అని అడిగి, రాయిలా కూర్చున్న నన్ను చూసి వడ్డించేవాళ్లు ముందుకు సాగిపోతారు.

పోతే పోయింది పెరుగు. మనుషులెవరూ పోవడం లేదు.